పింఛను వస్తోంది కదా!

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాసిన వాక్యం నన్ను వదలడం లేదు. ‘కరోనా కులం చూడలేదు, మతం చూడలేదు, పేదా గొప్పా చూడలేదు, అందరినీ ఒకేలా కొట్టింది’ అని ఆయన రాశారు. రోగం సంగతి నాకు తెలియదు, నేను డాక్టరును కాను. రోగం వెనకాలే వచ్చిన మూసివేత మాత్రం అందరినీ ఒకేలా కొట్టలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నా కొట్టు షట్టరుకు ఇంకా బాగా తెలుసు.

తెనాలిలో ఒక జూనియర్ కళాశాల పక్క సందులో నాది చిన్న జిరాక్సు కొట్టు. రెండేళ్ల వయసులో నాకు పోలియో వచ్చింది. రెండు కాళ్లకూ క్యాలిపర్లు (ఊతానికి బిగించే లోహపు పట్టీలు), రెండు చంకల్లో కర్రలు. కుర్చీలో కూర్చున్నాక పనిలో ఎవరికీ తీసిపోను. కాగితం ఇరుక్కుంటే యంత్రం విప్పి, రోలరు తుడిచి, మళ్ళీ బిగించడం నాకు పది నిమిషాల పని. ఆ షట్టరును మాత్రం ఎత్తలేను. వంగి, కింది అంచు పట్టుకుని, నడుము బలంతో ఒక్క ఊపున పైకి లేపాలి. కర్రలు వదిలితే పడిపోతాను, వదలకపోతే ఎత్తడానికి చేతులు లేవు. అందుకని కొలకలూరు నుంచి ఒక కుర్రాడు వస్తాడు. పొద్దున షట్టరు ఎత్తుతాడు, రాత్రి దించుతాడు. మధ్యలో స్పైరల్ బైండింగులు చేస్తాడు, కాగితం రీములు మోస్తాడు.

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. అందరి షట్టర్లతో పాటు నాదీ దిగింది. అంతవరకూ ఆ పాఠకుడు చెప్పినట్టు సమానమే. తేడా ఎత్తే రోజున వచ్చింది. మే నెల సగంలో చిన్న కొట్లు తెరుచుకోవచ్చన్నారు. మా సందులో కిరాణా వాళ్లు తెరిచారు, ఫ్యాన్సీ కొట్టు తెరిచారు, మంగలి షాపు వాళ్లు తెరవనిస్తారా లేదా అని గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నా కుర్రాడు ఉండే వీధి కంటెయిన్‌మెంట్ జోను. రెండు వైపులా కట్టేశారు. ఫ్యాన్సీ కొట్టాయన మంచివాడు, నాలుగు రోజులు వచ్చి షట్టరు ఎత్తాడు. ఐదో రోజు వాళ్లింట్లో పెద్దావిడకు జ్వరం వచ్చింది. అదేమీ కాదని తర్వాత తేలింది కానీ, ఆ భయంలో ఆయన ఎవరి తలుపూ తాకలేదు. నేనూ అడగలేదు. కొట్టు ముందు మూడు చక్రాల బండి మీద కూర్చుని, మూసి ఉన్న షట్టరును చూసి, ఇంటికి వెళ్లిన రోజులు పదకొండు.

రెండో విడత ఇంకా విచిత్రం. 2021 మే 5 నుంచి మన రాష్ట్రంలో పగటి కర్ఫ్యూ పెట్టారు. ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా వ్యాపారాలు, తర్వాత అంతా బంద్. మా కుర్రాడు పొద్దున పాలు పోసి, గేదెల పని చూసుకుని, సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి తొమ్మిదవుతుంది. పదకొండున్నరకే పోలీసు జీపు మైకు మొదలుపెడుతుంది. ప్రభుత్వం ఇచ్చిన ఆరు గంటలు నా దగ్గరికి వచ్చేసరికి రెండున్నర గంటలయ్యాయి. నా పట్ల ఎవరూ తప్పు చేయలేదు. నిబంధన అందరికీ ఒకటే. ఆ నిబంధన రాసినవారికి షట్టరు ఎత్తలేని దుకాణదారుడు ఒకడు ఉంటాడని తోచలేదు, అంతే.

వీధులకు అడ్డంగా కట్టిన వెదురు గడలు మీకు గుర్తున్నాయా? కుర్రాళ్లు కిందనుంచి దూరిపోయేవారు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి దాటేవారు. మూడు చక్రాల బండి వంగదు. మా ఇంటికీ కొట్టుకీ మధ్య మూడు చోట్ల గడలు కట్టారు. నేను కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు ఎక్కువ వెళ్లేవాణ్ని. ఇంకొక మాట. ‘దేన్నీ ముట్టుకోకండి, చేతులు శుభ్రంగా ఉంచుకోండి’ అని రోజంతా ఫోనులో దగ్గుతో సహా వినిపించేవారు. మా ఇంటి మెట్లు నేను చేతులతో ఎక్కుతాను. నేల ముట్టుకోకుండా నాకు ఇల్లు లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆదాయం పడిపోయినప్పుడు నేను మూడు చోట్లకు వెళ్లాను. ఏ కార్యాలయాలో రాయను, అవసరమూ లేదు. మూడు చోట్లా విన్న మాట ఒక్కటే. చిన్న వ్యాపారులకు సాయం ఏదైనా ఉందేమో కనుక్కుందామని వెళ్తే బల్ల అవతల మనిషి మర్యాదగానే అన్నాడు, ‘మీకు పింఛను వస్తోంది కదండీ, ఇది ఏ ఆధారమూ లేనివాళ్లకు పోనివ్వండి’ అని. యంత్రం మీద తీసుకున్న అప్పు సంగతి మాట్లాడటానికి వెళ్తే అక్కడి ఉద్యోగి అన్నాడు, ‘పింఛను వస్తోంది కదా, వాయిదా అందులోంచి కట్టేయండి’ అని. మూడోది కొట్టు గదిని నాకు అద్దెకిచ్చినాయన. మూసి ఉన్న నెలలకు అద్దె సగం తగ్గించమని అడిగితే ఆయనా అదే అన్నాడు. పక్క కొట్టుకు మాత్రం తగ్గించాడు. ‘వాళ్లకు పాపం వేరే ఏమీ రాదుగా’ అని నాకే వివరించాడు.

పింఛను అప్పట్లో నెలకు మూడు వేలు. నేను కాదనను, తీసుకున్నాను. వాలంటీరు ఒకటో తారీఖున గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. 2020 ఏప్రిల్‌లో బియ్యం కార్డున్న కుటుంబానికి వెయ్యి రూపాయలు ఇచ్చారు, అదీ తీసుకున్నాను. కేంద్రం వికలాంగ పింఛనుదారులకు ఐదు వందల చొప్పున రెండు విడతల్లో ప్రకటించిన వెయ్యి మాత్రం నాకు రాలేదు. ఢిల్లీ లెక్కలో పింఛను అందాలంటే వైకల్యం 80 శాతం ఉండాలి. వైకల్య శాతం రాసి ప్రభుత్వం ఇచ్చే నా సదరం సర్టిఫికెట్టులో ఉన్నది 76. కాళ్లు ఆ నాలుగు శాతం మేర పనిచేస్తున్నాయని సంతోషించాలి కాబోలు.

ఇక కొట్టు లెక్క. 2019లో ఖర్చులన్నీ పోను నెలకు పన్నెండు, పదమూడు వేలు మిగిలేవి. మాకు పంట కాలం మార్చి నుంచి జులై దాకా. హాల్ టికెట్లు, మార్కుల జాబితాలు, టీసీలు, కుల ధ్రువీకరణ పత్రాలు, కౌన్సెలింగుకు మూడేసి సెట్లు. ఆ ఐదు నెలల్లో సంపాదించింది మిగతా ఏడు నెలలు తింటాం. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 2021లో పదో, ఇంటరూ రెండూ రద్దయ్యాయి. పిల్లల ప్రాణాల కంటే నా జిరాక్సు ఎక్కువ కాదు. కానీ రెండు పంటలు వరసగా ఎండిపోయిన రైతును నువ్వు రైతువే కాదు పొమ్మంటే ఎలా ఉంటుందో, ‘పింఛను వస్తోంది కదా’ అన్న మాట నాకు అలా ఉండేది. దానికి తోడు నిలబడిపోయిన యంత్రం మనిషి కన్నా తొందరగా పాడవుతుంది. రెండు నెలలు ముట్టుకోకపోయేసరికి ఎలుకలు వైర్లు కొరికాయి, తేమకు రోలర్లు అంటుకుపోయాయి. బాగు చేయించడానికి పదకొండు వేలు. రిజర్వు బ్యాంకు వాయిదాలకు 2020 ఆగస్టు చివరి దాకా విరామం ఇచ్చింది, నిజమే. వాయిదాకు విరామం ఉంది, వడ్డీకి లేదు. ఆ సంగతి సెప్టెంబరులో తెలిసింది.

నాకు ఇలాంటి దెబ్బ మొదటిది కాదని కూడా చెప్పాలి. 1996లో వికలాంగుల కోటాలో నాకు ఎస్‌టీడీ బూతు, అంటే జనం డబ్బిచ్చి దూరపు ఊళ్లకు ఫోను చేసుకునే కొట్టు, వచ్చింది. పసుపు బోర్డు, నల్ల అక్షరాలు, గాజు తలుపు, లోపల చిన్న ఫ్యాను. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ కాబట్టి, దూరపు ఊళ్లలో మనుషులున్న వాళ్లూ హైదరాబాదులో పిల్లలున్న వాళ్లూ ఆ వేళకు బెంచీల మీద వరసగా కూర్చునేవారు. ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరింట్లో అప్పు తీరలేదో మొదట నాకే తెలిసేది. అప్పుడు నన్ను ‘బూతు గారూ’ అని పిలిచేవారు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. పదేళ్లలో మెల్లగా పోయింది కాబట్టి, నేనూ మెల్లగా జిరాక్సులోకి జరిగాను. ఎవరినీ తిట్టుకోలేదు. కరోనా అలా కాదు, రాత్రి ఎనిమిది గంటలకు చెప్పి పన్నెండుకు తలుపు వేసేసింది.

నా సంగతి ఇంతటితో చాలు. నా కొట్టుకు వచ్చేవాళ్ల సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. జిరాక్సు వాడి దగ్గర దాపరికం ఉండదు. ఊళ్లో ప్రతి కష్టం ఏదో ఒక రోజు ఒక కాగితమై నా అద్దం మీద బోర్లా పడుతుంది.

రైళ్లలో దువ్వెనలు అమ్మే ఒక అంధుడు సదరం కాగితాలు తీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాడు. పదహారేళ్లుగా రేపల్లె లైనులోనూ విజయవాడ లైనులోనూ పాసింజరు బండ్లే ఆయనకు బజారు. దువ్వెనలు, పిన్నీసులు, మొలతాళ్లు, చెవిపుల్లలు, ఈ మధ్య ఫోను కవర్లు. సరుకు విజయవాడ వన్‌టౌనులో తెచ్చుకుంటాడు. కాలవ వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే సంచి సర్దుకుని తలుపు దగ్గరికి వస్తాడు. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అంచు తడిమి చెబుతాడు. ఎవరైనా జాలిపడి దువ్వెన తీసుకోకుండా పది రూపాయలు పెడితే, వెనక్కి పిలిచి దువ్వెన చేతిలో పెట్టే రకం. ‘దువ్వెన అక్కర్లేదా, పిన్నీసులు తీసుకోండి, ఇంట్లో పనికొస్తాయి’ అంటాడు.

2020 మార్చిలో బండ్లు ఆగాయి. మే నుంచి ప్రత్యేక రైళ్లు నడిచాయి, కానీ వాటికి రిజర్వేషను ఉన్నవారినే స్టేషను లోపలికి రానిచ్చారు. పాసింజర్లు పట్టాలెక్కడానికి ఏడాది దాటింది. వార్తల్లో రైళ్లు మొదలయ్యాయని రాసినప్పుడల్లా ఆయన నాకు ఫోను చేసి, ‘అన్నయ్యా, మనవేనా?’ అని అడిగేవాడు. మనవి కావు. దేశంలో రైళ్లు తిరుగుతున్నాయి, ఆయన బజారు మాత్రం తెరవలేదు. 2020 జూన్‌లో గుళ్లు తెరిచారు. జులైలో ఒకరోజు ఆయన గుడి మెట్ల మీద కూర్చున్నాడని తెలిసి బండి వేసుకుని వెళ్లాను. పక్కన సంచి లేదు. ‘సరుకు ఏది?’ అన్నాను. ‘ఇంట్లో ఉంది అన్నయ్యా, రెండు వందల దువ్వెనలు. ఇక్కడ ఎవరూ కొనరు. చేతులు తగులుతాయని భయపడుతున్నారు. ఊరికే ఇమ్మంటే మాత్రం పై నుంచి వేసి వెళ్తున్నారు’ అన్నాడు. కాసేపు ఆగి ఇంకో మాట అన్నాడు. ‘రైల్లో అమ్మినందుకు రెండుసార్లు జరిమానా రాశారు. ఇక్కడ చేయి చాపితే ఒక్కరూ రాయలేదు.’

ఈ మాట తర్వాత నేను రైల్వే చట్టం వెతికి చూశాను. 1989 నాటి చట్టం, 144వ సెక్షను. లైసెన్సు లేకుండా రైల్లో సరుకు అమ్మడం, రైల్లో బిచ్చమెత్తడం, రెండిటినీ ఒకే సెక్షనులో నిషేధించారు. చట్టం రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో ఒకచోట పెట్టారో నాకు తెలియదు. కానీ మన జనం మనసులో కూడా ఆ రెండూ ఒకే గదిలో ఉన్నాయి. చూపు లేనివాడు దువ్వెన అమ్ముతుంటే అది వ్యాపారమని మనకు అనిపించదు, బిచ్చానికి ఒక మర్యాద అనుకుంటాం. అందుకే ఆయన బజారు మూతపడితే వ్యాపారం పోయిందని ఎవరూ రాసుకోలేదు. పింఛను వస్తోంది కదా అన్నారు.

‘భౌతిక దూరం’ అనే మాట ఆయన దగ్గర ఎలా మోగిందో కూడా చెప్పాలి. చూపు లేనివాడు పక్కవాడి మోచేయి పట్టుకుని రోడ్డు దాటతాడు. ఆ రోజుల్లో మోచేయి ఇచ్చే మనిషి లేడు. ఇప్పుడు మళ్లీ పాసింజర్లలోనే తిరుగుతున్నాడు, పాత అమ్మకం లేదు. జనం చిల్లర మోయడం మానేశారు. స్కానింగు అట్ట మెడలో వేసుకున్నాడు కానీ, డబ్బు పడిందా లేదా అన్నది కొన్నవాడి మాట మీదే ఆధారపడాలి. డబ్బు పడిందని చెప్పే పెట్టె ఒకటి వచ్చిందట, దానికి నెల నెలా అద్దె అని ఆలోచిస్తున్నాడు.

ఇంకొకరు మా పేటలోనే ఉండే బధిర యువతి. రెడీమేడ్ దుస్తుల కొట్టులో ఎనిమిదేళ్లు పనిచేసింది. పెదవులు చూసి మాట పట్టేస్తుంది. సైజు, రంగు, ధర ఇవన్నీ ఎదుటివారి నోరు కదలగానే తీసి ముందు పెడుతుంది. కొత్తవాళ్లకు ఆమెకు వినపడదని తెలిసేదే కాదు. కొట్లు తెరిచాక అందరి మూతులకూ గుడ్డ. మొదటి వారంలోనే రెండు గొడవలయ్యాయి. యజమాని చెడ్డవాడు కాదు, వెనక గదిలో మడతలు పెట్టే పనిలో వేశాడు, తర్వాత అమ్మకాలు లేవని ఇద్దరిని తగ్గించినప్పుడు వెనక గదిలో ఉన్న మనిషి ముందు తగ్గింది. నా దగ్గర ఖాళీగా ఉన్న పాడైన జిరాక్సు కాగితాల వెనక వైపున ఆమె మాట్లాడుతుంది, అంటే రాస్తుంది. ఆ రోజు రాసిన కాగితం నేను పారేయలేదు. ‘మాస్కు తీసి మాట్లాడమని అడగలేను, వాళ్లకు భయం. తీయకపోతే నాకు ఉద్యోగం లేదు’ అని ఉంది. రాష్ట్రంలో మనిషికి మూడు మాస్కులు పంచాలని డ్వాక్రా మహిళల చేత కుట్టించారు కదా, ఆమె తల్లి సంఘంలో ఉండటం వల్ల ఆ పని దొరికింది. తన ఉద్యోగం పోగొట్టిన గుడ్డనే కుట్టి రెండు నెలలు బతికింది. ఇప్పుడు ఇంట్లో జాకెట్లు కుడుతోంది. కొట్టుకు మళ్లీ పిలవలేదు, మాస్కులు పోయినా.

కరోనా వల్ల మేలు జరిగిన మనిషి కూడా ఒకరు ఉన్నారు. ఆ మాట దాచిపెడితే నా ఉత్తరం అబద్ధమవుతుంది. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక అమ్మాయి, కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు, చక్రాల కుర్చీ. బీటెక్ మంచి మార్కులతో పూర్తి చేసింది. హైదరాబాదులో ఇంటర్వ్యూలకు తండ్రి ఎత్తుకుని మెట్లెక్కించేవాడు. ఎంపికయ్యాక, ‘ఇంటి నుంచి చేస్తాను’ అంటే అలాంటి పద్ధతి మా దగ్గర లేదని రెండు సంస్థలు చెప్పాయి. ఆ రెండు ఉత్తరాలూ నేనే జిరాక్సు తీశాను. 2020లో మూడు నెలల్లో ఆ లేని పద్ధతి దేశమంతా వచ్చేసింది! కాళ్లున్నవాళ్లు బయటికి వెళ్లలేకపోతే తప్ప, ఇంటి నుంచి పని సాధ్యమేనని ఎవరికీ తోచలేదు. ఆ ఆగస్టులో ఆమెకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో మా అందరికీ మిఠాయి పంపింది. నాకు ఒక కొత్త పంచింగు యంత్రం కొనిచ్చింది. మూడేళ్లు చేసింది. మంచి ఉద్యోగి అని కాగితం కూడా వచ్చింది, అదీ నా అద్దం మీదికి వచ్చింది. 2023లో వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని అందరితో పాటు ఆమెకూ లేఖ వచ్చింది. అందరితో పాటు, గమనించండి. మళ్లీ సమానత్వమే. ఆమె రాసుకున్న అభ్యర్థనకు ఆరు నెలలు గడువిచ్చారు. ఆ తర్వాత లేదు. ఇప్పుడు ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెబుతోంది.

ఈ ముగ్గురికీ నాకూ లేనిది ఒకటి ఉంది, ప్రభుత్వ ఉద్యోగం. నాతో పాటు పెరిగిన పోలియో మిత్రుడొకడు గుమాస్తా. 2020 మూసివేతలో రెండు నెలలు అతనికి సగం జీతమే వచ్చింది, మిగతా సగం తర్వాత ఇచ్చారు. విధులకు రానక్కర్లేదని మినహాయింపు కూడా వచ్చింది. అతనికి అందాల్సిందే, నాకు అసూయ లేదు. కానీ చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు కేటాయించింది నాలుగు శాతం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అందులో ఏదో ఒక పని చేస్తున్నవారు 36 శాతం. ఆ 36 శాతంలో ఎక్కువమంది నాలాగా కొట్లోనో, రైల్లోనో, కుట్టు మిషను ముందో ఉంటారు. విపత్తు వచ్చిన రోజున మినహాయింపు ఇవ్వడానికి మాకు పైఅధికారి ఎవరూ లేరు.

2020 మార్చి 26న, అంటే దేశం మూతపడిన మర్నాడే, కేంద్రంలో వికలాంగుల శాఖ ఒక మార్గదర్శకాల పత్రం విడుదల చేసింది. మంచి పత్రం. తొందరలో రాసినా శ్రద్ధగా రాశారు. వికలాంగులకు సాయం చేసే సహాయకులను ఆంక్షల నుంచి మినహాయించాలని, పాసులు సులువుగా ఇవ్వాలని అందులో ఉంది. ఆ పత్రం ప్రతి పట్టుకుని మా కుర్రాడికి పాసు అడిగాను. ‘మీకు ఇంట్లో అన్నం పెట్టడానికి, స్నానం చేయించడానికి వస్తాడా?’ అని అడిగారు. ఇంట్లో నా భార్య ఉంది, స్నానం నేనే చేస్తాను, అతను కొట్టు షట్టరు ఎత్తుతాడు అన్నాను. ‘అయితే అది సహాయకుడు కాదండీ, పనివాడు’ అన్నారు. ఆ అధికారి తప్పు పట్టను. ఆయన మనసులో వికలాంగుడు అంటే మంచం మీద ఉన్న మనిషి. ఆ మంచం దగ్గరికి వెళ్లే మనిషికి పాసు ఉంది. మంచం దిగి బజారుకు వెళ్లాలనుకున్నవాడి వెంట వచ్చే మనిషికి లేదు.

(మా గురించి రాసేటప్పుడు ‘దివ్యాంగులు’ అనాలని ఇప్పుడు మర్యాద వచ్చింది. నా కాళ్లలో దివ్యమైనది నాకింతవరకు కనపడలేదు కాబట్టి పాత మాటే వాడుతున్నాను. మీరు దిద్దుకుంటే అభ్యంతరం లేదు.)

ఒక వికలాంగుల సంఘం వారు 2016 నాటి హక్కుల చట్టం ఇరవై ప్రతులు తీయించుకున్నారు. యంత్రం కాగితాలు మింగుతూ వదులుతూ ఉంటే మొదటి ప్రతి నేను చదివాను. అందులో 8వ సెక్షను విపత్తుల గురించి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలతో రికార్డు ఉంచాలని, ప్రమాదం వచ్చినప్పుడు వారికి తెలియజేసే ఏర్పాటు చేయాలని ఉంది. ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. లాక్‌డౌన్ విధించింది కూడా విపత్తు నిర్వహణ చట్టం కిందే. అంటే తలుపులు మూసిన చట్టం చేతికీ, మా వివరాల పుస్తకం ఉండాల్సిన బల్లకూ దూరం ఒక మూర కూడా లేదు. ఆ ఏడాదిలో ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి ఎవరూ రాలేదు. వచ్చి ఉంటే రేషను అందిందా, మందులు ఉన్నాయా అని అడిగేవారేమో. అవీ అడగాల్సిందే. మీ కొట్టు తెరిచారా అని అడిగే గడి ఆ పుస్తకంలో ఉంటుందా అన్నది నా అనుమానం.

నేను అడిగేది ఆ ఒక్క గడి. పేరు, ఊరు, వైకల్యం రకం, శాతం, వీటి పక్కన ఇంకొకటి. ఏ పని చేస్తారు, ఆ పని చేయడానికి ఏది లేకపోతే ఆగిపోతుంది. నా పేరు ఎదుట ‘జిరాక్సు, షట్టరు ఎత్తే మనిషి’ అని ఉండాలి. దువ్వెనల ఆయన పేరు ఎదుట ‘రైలు వ్యాపారం, పాసింజరు బండి’. ఆ బధిర యువతి పేరు ఎదుట ‘దుస్తుల కొట్టు, ఎదుటివారి పెదవులు’. చక్రాల కుర్చీ అమ్మాయి పేరు ఎదుట ‘కంప్యూటరు, ఇల్లు’. అలా ఉంటే మళ్లీ ఎప్పుడైనా వీధికి గడలు కట్టేటప్పుడు నా కుర్రాడికి ఒక పాసు రాయడం ఎంత సేపు? కొట్టు తెరిచే వేళ వికలాంగులకు రెండు గంటలు పొడిగించడం ఎంత సేపు? బండ్లు ఆపినంత కాలం రైలు వ్యాపారికి స్టేషను బయట నాలుగు అడుగుల చోటు చూపించడం ఎంత సేపు?

కరోనా పోయిందిగా, ఇప్పుడెందుకు ఇదంతా అని మీరు అనవచ్చు. ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలు అయింది. మంచి పని, చేసినవారికి నమస్కారం. ఆ ఆరు వేలతో మా ఇంట్లో మందుల ఖర్చు తేలిగ్గా నడుస్తోంది. కానీ ఆ ఏడాది ఆగస్టులో కొత్త యంత్రం కోసం అప్పు అడగడానికి వెళ్తే అవతలి మనిషి కంప్యూటరులోంచి తల ఎత్తి, ‘ఇప్పుడు ఆరు వేలు వస్తున్నాయి కదండీ, ఈ వయసులో ఇంకా కొట్టెందుకు?’ అన్నాడు. నా వయసు యాభై రెండు. ఆయన వయసూ అంతే ఉంటుంది. ఆయనకు జీతం వస్తోంది కదా, మళ్లీ ఈ కుర్చీ ఎందుకు అని నేను అడగలేదు. ఇంటికి వచ్చాక తోచింది.

డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవానికి మూడు చక్రాల బండ్లు పంచుతున్న ఫోటో మీ పత్రికలో చూశాను. అందులో బండి అందుకుంటున్న కుర్రాడు నాకు తెలుసు. టీ కొట్టు పెట్టుకోవాలని ఉందని మొన్న నా దగ్గర దరఖాస్తు రాయించుకున్నాడు. ఫోటో కింద ‘ఆదుకున్నారు’ అని రాశారు. బండి ఎక్కి ఎక్కడికి వెళ్తావని అతన్ని మీ విలేఖరి అడిగి ఉంటే బాగుండేది.

మీ పేజీకి ఈ ఉత్తరం పెద్దదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా ఎస్‌టీడీ బూతు సంగతి కత్తిరించండి, దువ్వెనల ఆయన సంగతి ఉంచండి. ఇక జిల్లా అధికారులు ఎవరైనా ఇది చదివి, ఆ పుస్తకంలో కొత్త గడి చేర్చి, కొత్త ఫారాలు తీయించాలనుకుంటే, నా కొట్టు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది. పేజీకి రెండు రూపాయలు, రెండు వైపులా అయితే మూడు. పెద్ద మొత్తంలో అయితే కొంత తగ్గిస్తాను, ఉచితంగా మాత్రం తీయను.

ఇట్లు,
జిరాక్సు కొట్టు యజమాని,
తెనాలి.